సాక్ష్యం చెప్పిన నోటితో మాత్ర మింగకూడదట

మా చెల్లెలు సరోజకు ఏదో జబ్బు ఉందని నాకు తెలిసింది తమిళనాడులో బోడినాయకనూరు నుంచి ఏలకుల తోటకు పోయే జీపులో. కొండ సగం ఎక్కాక ఆపమంది. దిగి, రోడ్డు పక్కనున్న పిట్టగోడ పట్టుకుని దగ్గడం మొదలుపెట్టింది. ఘాట్ రోడ్డులో ఆడవాళ్ళు జీపు ఆపించడం డ్రైవర్లకు అలవాటే. అతను వాసన చూడమని ఒక నిమ్మకాయ ఇచ్చాడు. నేను వెనక నిలబడి వీపు నిమురుతుంటే ఎముకలు చేతికి తగిలాయి. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగును ఆమె గబగబా మడిచింది. దానిమీద ఎర్రటి చార.

“ఆకు, వక్క వేసుకుంటిని అక్కా,” అంది.

సరోజ తాంబూలం వేసుకోదు. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

నేను అక్కడికి దగ్గరి పట్టణం తేనిలో హిస్టరీ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మాది ఎన్నో తరాల క్రితం తెలుగుదేశం నుంచి దక్షిణానికి వచ్చి నిలిచిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుదలగా నేర్చుకున్నాను. మా నాన్న దేవుణ్ణి నమ్మని మనిషి. సంస్కరణ సభలన్నిటికీ నన్ను వెంటబెట్టుకు పోయేవాడు. తర్వాత తర్వాత పట్టిమన్రం అనే చర్చావేదికల మీద నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. తాయెత్తుల మీద, జాతకాల మీద, మంత్రించిన నీళ్ళ మీద ఎన్ని ఊళ్ళలో మాట్లాడానో లెక్కలేదు. ఈ జబ్బు మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ వాదనలేవీ నాకు పనికిరాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సరోజ భర్త రంగసామికి బోడినాయకనూరులో, మా వాడుకలో బోడిలో, ఏలకుల వ్యాపారం. ఇంటి వెనక షెడ్డులో ఆడవాళ్ళు కూర్చుని కాయలు సైజువారీగా ఏరుతారు. సరోజ కూడా వాళ్ళతోపాటు కూర్చుంటుంది. నెల దాటి దగ్గుతుంటే ఏలకుల దుమ్ము అనుకున్నారు. మెడికల్ షాపులో సిరప్ కొన్నారు. సాయంత్రం జ్వరం వస్తే క్రోసిన్ వేశారు. జీపు దిగిన ఆ వారంలోనే నేను ఆమెను తేని సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయాను. కఫం తీసి స్పుటం టెస్టు, ఎక్స్‌రే, షుగర్, హెచ్ఐవీ, అన్నీ చేశారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చెప్పింది.

“టీబీ. క్యూర్ అవుతుంది, భయం వద్దు. ఆరు నెలలు మందు. రెండు నెలలు గడిచేసరికి మీకు పూర్తిగా బాగైపోయినట్టు ఉంటుంది. అందరూ మోసపోయేది అక్కడే. నేను ఆపమని చెప్పేదాకా ఆపకండి.”

మందులు ఉచితం. డాక్టరు మాట స్పష్టం. ఇంతకన్నా ఏం కావాలి? జబ్బు నయం కావడానికి ఇంకేమీ అక్కర్లేదు. మనిషి బతకడానికి మాత్రం ఇంకొంచెం కావాలి. అది మా ఇంట్లో దొరకలేదు.

అప్పుడు సరోజ కొడుకుకు ఉడుమలైపేటలో సంబంధం మాట్లాడుతున్నారు. నేను రిపోర్టు చేతబట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టగానే రంగసామి తలుపు మూశాడు. “వదినా, ఈ మాట ఈ వాకిలి దాటకూడదు. మన జనం ఎంతమంది? ఉడుమలైపేటలో తుమ్మితే బోడిలో వినబడతాది.”

అడిగినవాళ్ళకు షుగర్ అని చెప్పమన్నాడు. సరోజ కంచం, గ్లాసు పెరట్లో వేరే గూట్లోకి వెళ్ళాయి. మందు మొదలై కొన్ని వారాలు గడిస్తే మామూలుగా అంటుకునే భయం ఉండదని, కలిసి తినొచ్చని డాక్టరు చెప్పిందన్నాను. రేడియోలో వాతావరణ వార్తలు విన్నట్టు విన్నాడు. అతను చెడ్డవాడు కాడు. మందు వేళకు అలారం పెట్టేవాడు, పళ్ళు తెచ్చేవాడు. తెచ్చి గడప ఇవతల పెట్టి పోయేవాడు. నేను తేని నుంచి వారానికోసారి పోయి ఆమెతో కూర్చుని తినేదాన్ని. మిగతా రోజులు ఆమె పెరట్లో ఒక్కతే తినేది.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళలో కొందరు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోతారు. సరోజను రమ్మన్నారు. ప్రార్థన అయ్యాక అందరూ గంజి కాచుకుని ఒకచోట కూర్చుని తాగుతారు. ఆమె జబ్బు ఏమిటో వాళ్ళకు తెలుసు. షెడ్డులో ఆ దగ్గు విన్నవాళ్ళు వాళ్ళే కదా. అయినా ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. తలమీద చేతులు వేశారు. ఈ మాట నేను ముందే రాసి తీరాలి. లేకపోతే ఇక ముందు రాయబోయే కోపానికి అర్హత ఉండదు.

కొత్త సంవత్సరంలో ఆ ప్రార్థన మందిరంలో ఒక ఆచారం ఉంది. పళ్ళెం నిండా చిన్న చిన్న అట్టలు పెడతారు. ఒక్కొక్క అట్ట మీద ప్రాచీన యూదుల ప్రవక్తలు చెప్పిన వాగ్దానాల్లో ఒకటి తమిళంలో అచ్చువేసి ఉంటుంది. కళ్ళు మూసుకుని ఎవరికి వారు ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకు ఇచ్చిన మాట. సరోజకు వచ్చిన దానిలో, నీకు మళ్ళీ ఆరోగ్యం తెస్తాను, నీ గాయాలు మాన్పుతాను అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అక్కడే ఏడ్చేసిందట. అక్కడి బోధకుడు, వాళ్ళందరూ ‘అయ్య’ అని పిలిచే మనిషి, ఆమెను లేపి నిలబెట్టి అన్నాడట: నువ్వు ఇన్నాళ్ళూ బబులోను చెరలో ఉన్నావు, ఇది నీవు తిరిగివచ్చే సంవత్సరం.

నేను బబులోను చెర గురించి క్లాసులో పాఠం చెప్పినదాన్ని. ఊరు కాలిపోయి, గుడి కూలిపోయి, బతికినవాళ్ళను తాళ్ళు కట్టి దేశాంతరం నడిపించుకుపోతే, ఆ శోకం లోంచి ఆ ప్రవక్తలు మాట్లాడారు. ఒక జాతి మొత్తం ఏడ్చిన ఏడుపును కత్తిరించి, జేబులో పట్టే ముక్కలు చేసి, పళ్ళెంలో పోసి లాటరీ తీయడమా? నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకున్నాను. మాత్ర మింగుతోంది కదా, అట్ట అద్దానికి అంటించుకుంటే ఏం పోయింది అనుకున్నాను.

మందు మొదలుపెట్టి రెండు నెలలయ్యాయి. డాక్టరు చెప్పినట్టే జ్వరం పోయింది, ఆకలి వచ్చింది, స్పుటం నెగిటివ్ వచ్చింది. “మందు పనిచేస్తోంది. ఇంకా నాలుగు నెలలు,” అని డాక్టరు. “వాగ్దానం నెరవేరింది. లేచి సాక్ష్యం చెప్పు,” అని అయ్య.

మైదానంలో పందిరి వేసి పెద్ద కూటం పెట్టారు. సరోజ వేదిక ఎక్కి మైకులో మాట్లాడింది. ఆ వీడియో నా ఫోనుకు వచ్చేసరికి నేను తేని కూరగాయల మార్కెట్లో ఉన్నాను. పెద్ద జబ్బు వచ్చిందని చెప్పింది, పేరు చెప్పలేదు. దేవుడు బాగుచేశాడంది. ఇక మాత్రలు లేవంది. జనం చప్పట్లు కొట్టారు. నేను సంచీ అక్కడే వదిలేసి బోడి బస్సు ఎక్కాను.

ఆమె షెడ్డులో ఏలకులు ఏరుతోంది. ముఖం నిండుగా, మునుపటిలా ఉంది. మాత్రలు ఎక్కడని అడిగాను.

“నిలిపేస్తిని అక్కా. సాట్చి చెప్పేస్తిని కదా. అంతమంది ముందర దేవుడు బాగుచేసినాడని చెప్పి, ఇంటికొచ్చి మాత్తర మింగితే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?”

“ఈ మాట ఎవరు చెప్పారు?”

“అయ్య చెప్పినారు.”

ఆమె చేతిలోంచి ఒక ఏలకాయ తీసుకున్నాను. కొండమీద స్టోర్‌లో, అదే ఆరబెట్టే కొట్టంలో, మంట వేసి కాయలు ఎండబెడుతున్నప్పుడు పైతోలు ఆరిందని సగంలో మంట ఆర్పేసి మూట కడతావా అని అడిగాను. కట్టనంది, లోపల తేమ ఉంటే బూజు పడుతుందంది. నీ ఊపిరితిత్తులూ అంతే అన్నాను. పట్టిమన్రంలో అయితే అక్కడ చప్పట్లు పడేవి. సరోజ కాయలు ఏరుతూనే అంది.

“నువ్వు గెలిచేదానికి మాట్లాడతావు అక్కా. చిన్నప్పటి నుంచీ అంతే. నేను ఓడిపోతా, సరే. అయినా, నా పక్కన కూర్చుని గంజి తాగినోళ్ళ ముందర నేను అబద్ధమాడినదాన్ని కావాల్నా?”

చేతిలోని ఏలకాయను ఆమె ముందున్న కుప్పలో వేసి లేచాను.

రంగసామితో మాట్లాడదామని పోతే అతని ముఖంలో నెలల తర్వాత మొదటిసారి తేలిక చూశాను. మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని కనుక్కోవడానికి ఆస్పత్రి నుంచి వచ్చే అమ్మాయిని వాకిట్లోనే ఆపి, మేము ప్రైవేటులో చూపించుకుంటున్నామని చెప్పి అతనే పంపేశాడట. మందు లేకపోతే ఆ అమ్మాయి రాదు. ఆ అమ్మాయి రాకపోతే వీధికి తెలియదు. వీధికి తెలియకపోతే సంబంధం చెడదు. ఈ మనిషి కులదేవతకు తప్ప ఎవరికీ మొక్కడు. ఆ బోధకుడి పేరెత్తితే ముఖం చిట్లిస్తాడు. అయినా ఒకరి భక్తి, ఒకరి పరువు చేతులు కలిపి మా చెల్లెలి నోటికాడి మాత్రను లాగేశాయి. మూఢనమ్మకం అంటే గుడిలోనో చర్చిలోనో ఉంటుందని ఇన్నాళ్ళూ ఉపన్యాసాలిచ్చాను. అది పెళ్ళిసంబంధాల్లో కూడా ఉంటుంది, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

వానలు పడగానే దగ్గు మళ్ళీ మొదలైంది. ఈసారి రక్తం చారలా రాలేదు, పుక్కిలిపట్టి ఉమ్మినట్టు వచ్చింది. అదే ఆస్పత్రి, అదే డాక్టరు. క్రిమి మందుకు లొంగుతుందో లేదో చూపే సీబీనాట్ అనే టెస్టు చేశారు. “రిఫాంపిసిన్ రెసిస్టెంట్,” అని చదివి, ఎందుకు ఆపారని ఆమె సరోజను అడిగింది. రంగసామి గోడకేసి చూశాడు.

“పాత మందు ఇక పనిచేయదు. వేరే మందులు, ఇంకా పొడుగు కోర్సు. ఈసీజీ తీస్తూ ఉండాలి, బ్లడ్ చూస్తూ ఉండాలి. కాళ్ళు మంటలు పుట్టొచ్చు, చర్మం నల్లబడొచ్చు. ఇవి కూడా మధ్యలో ఆపితే మీకు ఇవ్వడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగలదమ్మా.”

వార్డులో చేర్చుకున్నారు. రెండో రోజు నర్సు నన్ను పక్కకు పిలిచి వాష్‌బేసిన్ చూపించింది. సగం కరిగిన మాత్రలు. సరోజ నర్సు ముందర నోట్లో వేసుకుని, నాలుక కింద దాచి, ఉమ్మేస్తోంది. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడంలోనే మెల్లగా చెప్పింది. తన నమ్మకం తక్కువైనందుకే జబ్బు తిరిగి వచ్చిందని, నమ్మని అక్క నీడ ఆ ఇంటిమీద ఉందని అయ్య ఫోనులో అన్నాడట. ఇప్పుడు మాత్ర మింగితే ఉన్న ఆ కాస్త నమ్మకం కూడా పోతుందని ఆమె భయం.

జబ్బు తిరగబెట్టింది మందు మానేసినందుకు. మానమన్నది అతను. తప్పు మాత్రం మంచంమీద పడున్న మనిషిది. వాగ్దానం నెరవేరితే దేవుడికి కీర్తి, బోధకుడికి జనం. నెరవేరకపోతే రోగికి నమ్మకం లేదు. ఎటు తిప్పినా చెప్పినవాడికి చెమట పట్టని ఏర్పాటు. ఇంత నిర్దయ గల లెక్కను నేను ఏ జ్యోతిష్కుడి దగ్గరా చూడలేదు.

వాదానికి పోయేముందు ఎదుటివాడి పుస్తకం చదివి తీరాలని మా నాన్న నేర్పాడు. సరోజ దిండు పక్కనున్న తమిళ బైబిలు తీసుకుని వార్డు వరండాలో కూర్చున్నాను. తప్పులు పట్టుకుందామనే మొదలుపెట్టాను. ఆ అట్టమీది వాక్యం ఎక్కడిదో వెతికి పట్టుకున్నాను. దానికి కాస్త పైనే, అదే ప్రవక్త, అదే జనంతో, మీ గాయం మానేది కాదు, మీకు మందు కూడా లేదు అంటున్నాడు. అట్ట అచ్చువేసినవాళ్ళు ఆ భాగం కత్తిరించేశారు.

ఇంకా చదివాను. ఆ కాలంలోనూ తీపిమాటల బోధకులు ఉన్నారు. రెండేళ్ళలో అందరం తిరిగి ఇంటికి పోతాం, గుడి సామాను కూడా తిరిగి వస్తుందని ఒకడు అందరి ముందూ ప్రకటించాడు. ఈ ప్రవక్త కాదన్నాడు. డెబ్బై ఏళ్ళు పడుతుంది, అంతదాకా ఆ పరాయి దేశంలోనే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి వాటి ఫలం తినండి అని చెరలో ఉన్నవాళ్ళకు కబురు పంపాడు. ఆ మాట మళ్ళీ చదివాను. మావాళ్ళు కూడా ఈ పరాయి నేలమీద చేసింది అదే కదా. జనం గాయానికి పైపైన కట్టుకట్టి అంతా క్షేమం అనేవాళ్ళ మీద ఆ మనిషి నిప్పులు కురిపించాడు. అందుకు అతణ్ణి కొట్టారు, బురద గోతిలో దించారు. అతని దేవుడితో నాకు పనిలేదు. అతని కోపం మాత్రం నాకు బాగా తెలిసిన కోపం. ఆశ చెప్పినవాడే గడువు కూడా చెప్పాడు. గడువు దాచిపెట్టి ఆశ ఒక్కటే అమ్మేవాణ్ణి అతను క్షమించలేదు.

మరో ప్రవక్త కథలో నాకు కావలసింది దొరికింది. యూదా రాజు ఒకడు పుండు లేచి చావబోతాడు. ఏడుస్తాడు. దేవుడు నీకు ఇంకా పదిహేనేళ్ళు ఇచ్చాడని ప్రవక్త వచ్చి చెబుతాడు. ఆ మాట చెప్పిన నోటితోనే, అత్తిపండ్ల ముద్ద చేసి పుండుకు కట్టండి అంటాడు.

మర్నాడు విజిటింగ్ అవర్‌లో అయ్య వచ్చాడు. తెల్లచొక్కా, నూనె సీసా, వెంట ఇద్దరు ఆడవాళ్ళు. మర్యాదగల మనిషి, నాకు నమస్కారం పెట్టాడు. ప్రార్థనకు ముందు ఈ పేజీ చదవండి, మా చెల్లెలు వింటుంది అన్నాను. గొంతు బాగుంటుంది అతనిది. రాజు, పుండు, పదిహేనేళ్ళు, అత్తిపండ్లు, అన్నీ చదివాడు. ఆ తర్వాత తమిళంలో జరిగిన మాటలు తెలుగులో రాస్తున్నాను.

“అది ఒక గుర్తు మాత్రమే అమ్మా, వైద్యం కాదు,” అన్నాడు.

“గుర్తయితే చేతికి కట్టొచ్చుగా. పుండుకే ఎందుకు కట్టించాడు?”

అతను నవ్వి, మీతో వాదించి గెలవలేను టీచరమ్మా అన్నాడు. ఆ మాట అతనికి కవచం. నాతో వాదించి గెలవనక్కర్లేదు, మంచంమీది మనిషి వింటే చాలు. కానీ మంచంమీది మనిషి లేచి కూర్చుంది.

“అయ్యా, ఆ రాజుకు మాట ఇచ్చింది దేవుడే కదా?”

“అవును తల్లీ.”

“ముద్ద కట్టమన్నది దేవుడి మనిషే కదా?”

“అవును. అయితే ఆ కాలంలో...”

“కట్టించుకున్నందుకు ఆ రాజును నమ్మకం లేనివాడని ఎవరూ అనలేదే. నన్నెందుకు అన్నారు?”

వెంట వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె తల ఎత్తి అతనివైపు చూసింది. అతను ప్రార్థన చేస్తానన్నాడు. చేయమంది సరోజ. కళ్ళు మూసుకుని పూర్తిగా విని, ఆమెన్ కూడా అంది. అతను వెళ్ళాక నర్సును పిలిచి, పొద్దున ఉమ్మేసిన మాత్రలకు బదులు వేరేవి ఇవ్వమని అడిగింది. డాక్టరును అడిగొచ్చి నర్సు ఇచ్చింది. మింగి, నాలుక ఎత్తి చూపించింది.

అలా అని కథ సుఖాంతం కాలేదు. డాక్టరు చెప్పినవన్నీ వరసగా వచ్చాయి. ముఖం బొగ్గులా నల్లబడింది. అరికాళ్ళు నిప్పులమీద పెట్టినట్టు మండేవి, తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేది. హిమోగ్లోబిన్ పడిపోయి ఒక మందు డోసు తగ్గించారు. ఇంతకన్నా చావే నయమని నన్ను తిట్టిన రోజులున్నాయి. ఆమెను తేనిలో నా ఇంట్లోనే ఉంచుకున్నాను. రోజూ ఒకే కంచాల బొత్తిలోంచి ఇద్దరం తీసుకుని తిన్నాం. రంగసామి మొదట్లో వాకిట్లో నిలబడి పలకరించేవాడు. ఒకనాడు నేనేమీ అనకముందే లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చుని, నాకూ వడ్డించండి వదినా అన్నాడు. ఉడుమలైపేటవాళ్ళకు చివరికి సంగతి తెలిసింది. పిల్ల తండ్రికే కొన్నేళ్ళ క్రితం టీబీ వచ్చి నయమైందట, వాళ్ళు మాకు చెప్పలేదు. రెండిళ్ళవాళ్ళూ ఒకే జబ్బును ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ, నడుమ ఒక మనిషిని చావు అంచుదాకా నెట్టారు. దీనికి పేరు పరువు.

కోర్సు ముగిసి, చివరి కఫం కల్చర్ టెస్టు కూడా నెగిటివ్ వచ్చాక సరోజ ఒక శుక్రవారం ప్రార్థనకు పోయింది. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. నేను మందు మానేసినందుకు చావబోయాను, మళ్ళీ మందు మింగి బతికాను, దేవుడికి స్తోత్రం అంది. అయ్య వెంటనే పాట ఎత్తుకున్నాడు. గంజి తాగేటప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు ఆమె పక్కకు జరిగారట. ఒకామె షుగర్ మాత్రలు మానేసింది. ఇంకొకామె కూతురికి ఫిట్స్ మందు ఆపేసింది. ఇద్దరూ సాక్ష్యం చెప్పినవాళ్ళే. ఇద్దరినీ సరోజ తనే తేనికి వెంటబెట్టుకు వచ్చింది.

ఇప్పుడు ఆమె బోడిలోనే ఉంది. ముఖం మెల్లగా తేటపడుతోంది. అరికాళ్ళలో స్పర్శ పూర్తిగా రాలేదు, చెప్పు జారిపోయినా తెలియదు, కిందికి చూసుకుని నడుస్తుంది. శుక్రవారాలు ఇంకా పోతుంది. నేను వద్దనను. ఆ ప్రవక్తల మాటల్లో ఆమెకు కనబడేది నాకు కనబడదు. వాళ్ళను అడ్డం పెట్టుకుని ఆమెకు చేసింది మాత్రం ఇద్దరికీ కనబడుతుంది.

మందు వాడుతున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఏ మతం వారైనా, ఏ బాబా ముందైనా, ఏ వేదిక మీదైనా బాగైపోయిందని సాక్ష్యం చెప్పమంటే, డాక్టరు మందు ఆపమన్నాక చెబుతానని చెప్పండి. జీవితాంతం వాడాల్సిన మందైతే, వాడుతూనే ఉన్నానని చెప్పి మొదలుపెట్టండి. నిజంగా మీ మేలు కోరేవాళ్ళు ఆగుతారు. ఆగలేనివాడికి కావలసింది మీ ఆరోగ్యం కాదు, వచ్చే కూటానికి మైకు ముందు ఒక మనిషి.